కర్రి గుర్రుమనడం మానేసింది

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఒక గొర్రెల మంద. కాపరి పేరు బీరప్ప. మందకు కావలి కర్రి అనే నల్ల కుక్క.

బీరప్ప మంచివాడే, పిల్లలూ. తన గంజిలో సగం కర్రికి పోసేవాడు. కాకపోతే కుక్క నోటితోనే మాట్లాడుతుందని అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం గొర్రెలు నీడన పడుకున్నాయి. బీరప్ప గొంగడి పరుచుకుని నడుం వాల్చాడు. పొదలోంచి కర్రికి తోడేలు వాసన వచ్చింది. కర్రి తోక కర్రలా నిలబెట్టి, కొసను మాత్రం ఆడించింది. "దీనికి ఆటలు ఎక్కువయ్యాయి" అనుకున్నాడు బీరప్ప. కర్రి వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. బీరప్ప అటు తిరిగి పడుకున్నాడు. ఇక లాభం లేదని కర్రి గుర్రుమంది.

తోడేలు జారుకుంది. కానీ గొర్రెలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. బీరప్ప లేచి చూస్తే పొదలో ఏమీ లేదు. ఒళ్లు మండి కర్రిని చితకబాదాడు.

"ఇంకోసారి గుర్రుమన్నావంటే కాళ్లు విరగ్గొడతా" అన్నాడు.

మందలోని ముసలి మేక కర్రి పక్కకు చేరింది.

"ఎందుకు గుర్రుమన్నావే?" అని అడిగింది.

"తోకతో చెప్పాను, వీపుతో చెప్పాను. వినలేదు అవ్వా. అందుకే గొంతుతో చెప్పాను."

"మళ్లీ వస్తే?"

"గొంతు వద్దన్నాడుగా. తోకతో, వీపుతోనే చెబుతాను. ఆయన చూస్తే చాలు" అంది కర్రి. దానికి ఏడుపొచ్చింది.

పది రోజులకు తోడేలు మళ్లీ వచ్చింది. కర్రి తోక నిలిచింది, వెంట్రుకలు లేచాయి. గుర్రు గొంతు దాకా వచ్చింది, దాన్ని మింగేసింది. బీరప్ప ఒక కన్ను తెరిచి చూశాడు. గొంగడి ముఖం మీదికి లాక్కున్నాడు.

ముందురోజే పుట్టిన గొర్రెపిల్ల మీదికి తోడేలు దూకింది. కర్రి అడ్డంగా దూకింది. పిల్ల బతికింది, తోడేలు పారిపోయింది. కర్రి మెడ మాత్రం చీలిపోయింది.

బీరప్ప దాని తల ఒళ్లో పెట్టుకుని వలవలా ఏడ్చాడు.

"ఒక్కసారి గుర్రుమని ఉంటే లేచేవాణ్ణి కదే" అన్నాడు.

"ఆ నోరు నొక్కింది నువ్వే కదయ్యా" అంది ముసలి మేక.

బీరప్పకు అది వట్టి మేక అరుపులానే వినబడింది. కానీ ఆ మాట అతనికి తన లోపలి నుంచే వచ్చింది. అప్పటికి కర్రి ఊపిరి ఆగిపోయింది.

నీతి: మన మంచి కోరి హెచ్చరించేవాళ్ల నోరు నొక్కితే, ఆపద చెప్పకుండా వస్తుంది.