హారం మీద పడిన చెయ్యి

ఏనాటి మాటో చెప్పలేం గానీ, మలయగిరి రాజ్యాన్ని రణభైరవుడనే రాజు ఏలుతుండేవాడు. శూరుడే, కాదనలేం. కానీ తనంతటి తెలివైనవాడు భూమ్మీద పుట్టలేదని ఆయనకు గట్టి నమ్మకం. ఆయన కొలువులో కొమ్మన అనే హాస్యకవి ఉండేవాడు. రాజును నవ్వించడమే అతని కొలువు.

కోటగోడకు ఆవల గంతలపేట అని ఒక పేట. ఎక్కడ కన్నం పడినా భటులు ముందు అక్కడికే పరుగెత్తేవారు. అక్కడ దొంగలు లేరని కాదు, ఉన్నారు. కానీ ఆ పేటలో ఎదిగిన పిల్లలు నీళ్లు మోస్తామన్నా, గొడ్లు కాస్తామన్నా, "ఏ పేట?" అని అడగడం, పేరు వినగానే తలుపు వేసెయ్యడం ఊళ్లో అందరికీ అలవాటైపోయింది.

పోలమ్మ అనే పడుచుపిల్ల అలా ఊరంతా తిరిగి తిరిగి, చివరికి కొమ్మన గుమ్మంలో నిలబడింది.

"అయ్యగారూ, మా అన్న ఆకలికి తాళలేక దొంగతనానికి పోయి చెయ్యి పోగొట్టుకున్నాడు. నాకూ ఆ గతి పట్టకముందే ఏదన్నా పని చెప్పండి" అంది.

కొమ్మన భార్య ఆమెకు వడ్లు దంచే పని ఇచ్చింది. ఆ ఇంట్లో గింజ కూడా పక్కకు పోలేదు.

ఇలా ఉండగా ఒకనాడు రాణిగారి కడియం పోయింది. రణభైరవుడు సింహాసనం మీద నుంచి లేచి గర్జించాడు. "గంతలపేటలో మీసం మొలిచిన ప్రతి కుర్రవాడికీ, ఓణీ వేసిన ప్రతి పిల్లకూ నుదుటి మీద కాల్చిన ఇనుముతో దొంగముద్ర వేయించండి!"

కొమ్మనకు పోలమ్మ ముఖం కళ్లముందు మెదిలింది. లేచి నిలబడ్డాడు.

"మహాప్రభూ, ముద్ర పడ్డాక వాళ్లకు పని ఎవరిస్తారు? దొంగతనం తప్ప వేరే దారి ఉండదు. అదేదో పనే ఇచ్చి చూడరాదా?"

"ఏం పని? బొక్కసానికి కాపలా పెట్టమంటావా?" రాజు వెటకారంగా అన్నాడు. సభ ఘొల్లుమంది.

"అదే మంచిది ప్రభూ. తమరి ముత్యాలహారాన్ని పళ్లెంలో పెట్టి, పట్టపగలు, గంతలపేట నడివీధి గుండా ఆ పిల్లల చేతనే సభకు తెప్పించండి. భటులెవరూ వెంట ఉండకూడదు. హారం చేరితే వాళ్లను కొలువులో పెట్టుకోవాలి."

"చేరకపోతే?"

"నా తల తమరిది."

రాజు కళ్లు మెరిశాయి. "సరే. ఇంకొక్క మాట. పళ్లెం మోయవచ్చు గానీ హారాన్ని తాకరాదు. దాని మీద ఎవడి చెయ్యి పడితే వాడి చెయ్యి నరికిస్తాను."

"ఎవడిదైనా సరేనా, ప్రభూ?"

"ఎవడిదైనా సరే! ఇది నా శాసనం!"

కొమ్మన చేతులు జోడించి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "నాకు గంతలపేట దొంగలంటే భయం లేదు ప్రభూ. ఆ హారాన్ని వాళ్ల కళ్లముందే కాజేయగల గడుసువాడు, మారువేషం వేస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేనివాడు, ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు నేను చెప్పకూడదు."

రణభైరవుడు మీసం దువ్వుకుని చిన్నగా నవ్వుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి సభ కిక్కిరిసిపోయింది. ఎర వేశాడు గానీ కొమ్మనకు గుండె నిలవడం లేదు. పళ్లెం తేవడానికి వెళ్లిన పోలమ్మ మీద నమ్మకం ఉంది. ఆమె వెంట వెళ్లిన గంతలపేట కుర్రాళ్ల సంగతేమిటి? పస్తులున్న కళ్లముందు ముత్యాలు పెడితే మనసు నిలుస్తుందా? పక్కనే తలారి రాతి మీద కత్తి నూరుతున్నాడు. ఆ చప్పుడు కొమ్మన మెడకు తగులుతున్నట్టే ఉంది.

సింహాసనం ఖాళీగా ఉంది. ప్రభువులు పూజలో ఉన్నారని మంత్రి చెప్పాడు.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. పళ్లెం రాలేదు. "పారిపోయి ఉంటారు" అన్నాడొకడు. "పాపం, కొమ్మన" అన్నాడింకొకడు. తలారి నూరడం ఆపి కత్తి పదును వేలితో చూసుకున్నాడు.

అంతలో బయట కోలాహలం. పోలమ్మ వెండిపళ్లెం రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చింది. జుట్టు చెదిరిపోయి ఉంది. పళ్లెంలో హారం తళతళలాడుతోంది. వెనుక నలుగురు కుర్రాళ్లు ఒక బైరాగిని తాళ్లతో కట్టి ఈడ్చుకొస్తున్నారు. అతని నోట్లో గుడ్డ, ఒంటినిండా బురద.

"ఆలస్యమైంది, మన్నించాలి" అంది పోలమ్మ ఆయాసపడుతూ. "సందు మలుపులో ఈ బైరాగి దీవిస్తానంటూ వచ్చి హారం మీద చెయ్యి వేశాడయ్యా. మా పేటలో దొంగలందరూ మాకు తెలుసు, వీడెవడో కొత్తవాడు. వదలకపోతే డొక్కలో మోచేత్తో పొడిచాను, కాలవలో పడ్డాడు. 'నేను రాజును' అని బూతులు మొదలెట్టాడు. మా పేటలో కల్లు తాగినవాళ్లంతా రాజులే కదా అని నోట్లో గుడ్డ కుక్కాం."

బురదలోంచి రెండు కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. కొమ్మన వాటిని గుర్తుపట్టాడు. రాజు మీద చెయ్యి చేసుకుంటే శిక్ష మరణమే. ఒక్క మాట తప్పిందా, ఈ పిల్లలు బతకరు.

"ఒరే తలారీ! హారం మీద చెయ్యి వేసినవాడికి రాజాజ్ఞ ఏమిటి?"

"చెయ్యి నరకడం, అయ్యా."

"ఎవడిదైనా సరేనా?"

"ఎవడిదైనా సరే."

తలారి కత్తి తీసుకుని కదిలాడు. బైరాగి గింజుకున్నాడు. కొమ్మన వెళ్లి అతని నోట్లో గుడ్డ లాగేశాడు.

"ఆగరా! నేను రణభైరవుణ్ణి!"

సభ ఉలిక్కిపడి లేచింది. భటులు కత్తులు దూసి పిల్లల మీదికి వచ్చారు. పోలమ్మ పళ్లెం గుండెకు హత్తుకుంది గానీ వదల్లేదు.

కొమ్మన పిల్లలకు అడ్డంగా నిలబడి మోకరిల్లాడు. "మహాప్రభూ! తమరు రాజైతే, రాజు సొమ్మును రాజు చేతికి కూడా చిక్కనివ్వని కాపలాదారులు వీళ్లు. ఇలాంటివాళ్లు తమ బొక్కసానికి మళ్లీ దొరకరు. తమరు దొంగైతే, తలారి సిద్ధంగా ఉన్నాడు. తమరెవరో తమరే సెలవివ్వండి."

రాజు తలారి కత్తి చూశాడు, తన కుడిచెయ్యి చూసుకున్నాడు, చివరికి పోలమ్మను చూశాడు. మీసం చివరి నుంచి బురదచుక్క జారి ఒళ్లో పడింది. దాంతో ఆయన పెదవులు అదిరాయి. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. నవ్వితే డొక్క నొప్పి, నొప్పికి మళ్లీ నవ్వు.

"రాజునేలే, రాజునే! కట్లు విప్పండర్రా!"

ఆనాడే దొంగముద్ర ఆజ్ఞ రద్దయింది. పోలమ్మ, ఆ నలుగురు కుర్రాళ్లు బొక్కసం కాపలాకు కుదిరారు. పేటలో మిగిలిన పడుచువాళ్లకు కోటలోనే గుర్రపుశాలల్లో, వంటశాలల్లో, అంగళ్లలో పని చూపించే బాధ్యత కొమ్మనకే అప్పగించి, రాజు తన పట్టుశాలువా తెప్పించి అతనికి కప్పాడు.

ఆ సాయంత్రం డొక్కకు పట్టు వేస్తూ ఆస్థాన వైద్యుడు, "ఇంత గట్టి దెబ్బ ఎక్కడిది ప్రభూ?" అని భయంభయంగా అడిగాడు.

"ఇవాళే జీతమిచ్చి పెట్టుకున్నాంలే!" అన్నాడట రణభైరవుడు.