కత్తెర బొమ్మ

నస్రీన్ బొమ్మల రేకుల వైపు చూడటం మానేసింది. ఖలందర్‌కు వచ్చిన కష్టం అది.

కొండ మీది దర్గాలో ముర్తుజా బాబా దగ్గర శిష్యుడిగా చేరకముందు ఖలందర్ లారీలకు బొమ్మలు వేసేవాడు. అతను వేసిన పులిని చూసి ఎదురొచ్చే లారీలు రోడ్డు వదిలి పొలాల్లోకి దిగిపోయేవి. అతను వేసిన నిమ్మకాయను చూసి డ్రైవర్లకు నోరూరి బస్టాండంతా తడిసేది. ఆ పని వదిలేసి కొండెక్కాడు గానీ, ఆ పనితనం తాలూకు గర్వం కూడా అతని వెనకాలే కొండెక్కి వచ్చింది.

నస్రీన్‌కు ఎనిమిదేళ్లుంటాయి. మాటలు లేవు. టౌన్లో డాక్టరమ్మ చూసి ఆటిజం అంది. తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోతే ఆ పిల్ల అరిచేది. అరుపంటే అట్లాంటిట్లాంటిది కాదు, కొండ కింద ఊళ్లో పాలు విరిగిపోయేవి. స్నానానికి లేపితే అరుపు. రొట్టె ముందు పెడితే అరుపు. తల్లి జుబేదా ఆ పిల్లను వెంటపెట్టుకుని అక్క ఇంట్లో ఉంది, ఆడబిడ్డ ఇంట్లో ఉంది, ఎక్కడా నిలవనివ్వలేదు. చివరికి దర్గా వంటింట్లో పనికి కుదిరింది. ఇక్కడా పొమ్మంటే ఎక్కడానికి ఆమెకు ఇంకో గడప లేదు.

ఉపాయం డాక్టరమ్మే చెప్పింది. "నోటితో చెప్పింది ఆ పిల్లకు నిలవదు, కంటితో చూసింది నిలుస్తుంది. పొద్దున్నుంచి పడుకునే దాకా దేని తర్వాత ఏమిటో బొమ్మలు వరసగా పెట్టండి. అయిపోయిన బొమ్మను తీసేయండి."

ఖలందర్ రేకు ముక్కలు కత్తిరించాడు. ఒక్కో దాని మీద ఒక్కో బొమ్మ వేశాడు. చెంబు, రొట్టె, ఉయ్యాల, పావురాలు, చాప. వంటింటి గోడకు తాడు కట్టి వరసగా తగిలించాడు.

నస్రీన్ పొద్దున్నే వచ్చి తాడు ముందు నిలబడేది. స్నానమయ్యాక చెంబు రేకు తీసి డబ్బాలో పడేసేది. అది ఠంగుమనేది. అప్పుడు రొట్టె రేకు వైపు జరిగేది. అరుపు ఆగిపోయింది. దర్గా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, ఏమైందేమైందని పావురాలు ఒకదాన్నొకటి అడుక్కున్నాయి. జుబేదా ఏళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

"చూశారా బాబా," అన్నాడు ఖలందర్, "బొమ్మలో జీవం ఉండాలే గానీ ఎవరైనా దారికొస్తారు."

"రేకు మంచిది," అన్నారు బాబా.

అంతలో జుట్టు సంగతి వచ్చింది. నస్రీన్ తల మీద దువ్వెన పడనిచ్చేది కాదు. జుట్టు ఉండలు కట్టి, పావురాలు గూడు పెట్టుకుందామని బేరాలు చూసుకునే దాకా వచ్చింది. కటింగ్ షాపు ఓబులేసును పిలిపించారు. ఆ పూట ఖలందర్ రొట్టె తర్వాత కత్తెర బొమ్మ పెట్టాలి. పెట్టలేదు. ఉయ్యాల పెట్టాడు.

నస్రీన్ రొట్టె తిని, రేకు డబ్బాలో వేసి, నవ్వుకుంటూ పోయి ఉయ్యాలెక్కింది. వెనక నుంచి ఓబులేసు గుడ్డ కప్పి కత్తెర ఆడించాడు.

ఆ అరుపుకు ఓబులేసు కత్తెర అక్కడే పడేసి పరుగెత్తినవాడు పక్క మండలం దాకా ఆగలేదు. పిల్ల తల ఒక పక్క కోతైపోయిన చేను, రెండో పక్క అడవి.

మర్నాడు నస్రీన్ తాడు దగ్గరికి వచ్చి ఒక్కో రేకునూ బొమ్మ గోడవైపు పడేట్టు తిప్పేసింది. ఖలందర్ ఇటు తిప్పాడు. ఆమె అటు తిప్పింది. తర్వాత అదీ మానేసి, మొహం పక్కకు పెట్టుకుని తాడు ముందు నుంచే నడిచిపోయేది. మళ్లీ స్నానానికి అరుపు. మళ్లీ రొట్టెకు అరుపు. జుబేదా బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది. ఎవరూ పొమ్మనలేదు. ఆమెకు అలవాటు.

ఖలందర్ బాబా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"బాబా, రేకులు పాతబడిపోయాయి. ఇంకా పెద్దవి వేస్తా. అంచులకు వెండి రంగు తిప్పుతా. ఎట్లా చూడదో నేనూ చూస్తా."

బాబా వెల్లుల్లి ఒలుస్తున్నారు. "ఆ రోజు కత్తెర ఎందుకు పెట్టలేదు?"

"పెడితే ఏడుస్తుంది కదా బాబా. చెబితే రాదని చెప్పలేదు. పిల్ల మంచికే కదా."

బాబా తలెత్తి ఖలందర్ చెంప వైపు చూశారు.

ఆ చెంప గురించి చెప్పాలి. దవడ పన్ను పుచ్చి నెల దాటింది. గుమ్మంలోంచి ముందు చెంప వచ్చేది, కాసేపాగి ఖలందర్ వచ్చేవాడు. పళ్ల డాక్టరు పేరెత్తితే చాలు, దర్గా వెనక గోడ దూకి కనపడకుండా పోయేవాడు.

"రేపు టౌన్లో పెళ్లుంది," అన్నారు బాబా. "మటన్ బిర్యానీ అంట. వస్తావా?"

"రెండో పక్క నమలొచ్చులే బాబా," అన్నాడు ఖలందర్.

పొద్దున్నే ఇస్త్రీ జుబ్బా తొడుక్కున్నాడు. అత్తరు పూసుకున్నాడు. ఎంత పూసుకున్నాడంటే, తేనెటీగలు బస్సులో అతనితో పాటు టికెట్ తీసుకున్నాయి. టౌన్లో దిగి బాబా వెనకాల సందు తిరిగి ఒక మేడ ఎక్కాడు. పైన ఒక పెద్ద కుర్చీ, దాని మీదికి వంగిన పెద్ద దీపం. పెళ్లికొడుకు కుర్చీ అనుకున్నాడు. కూర్చోమంటే మొహమాటపడుతూనే కూర్చున్నాడు.

కుర్చీ వెనక్కి వాలింది.

ఆ పన్ను వేళ్లు దవడ దాటి మెడ దాకా పాకి ఉన్నాయి. డాక్టరు పన్నును లాగాడు, నర్సు డాక్టరును లాగింది, కాంపౌండరు నర్సును లాగాడు. పన్ను ఊడొచ్చినప్పుడు టౌన్లో కరెంటు పోయింది.

కిందికి దిగాక నోట్లో దూదితో ఖలందర్ రోడ్డు మీద నిలబడిపోయాడు.

"ఒక్క మాట ముందే చెప్పొచ్చు కదా బాబా!"

"చెబితే రావు కదా బేటా," అన్నారు బాబా. "నీ మంచికే."

ఖలందర్ చెంప పట్టుకుని బాబా వెనకాల నడిచాడు.

సందు చివర షాదీఖానా ఉంది. బాజాలు మోగుతున్నాయి. బిర్యానీ డేగిశా మూత అప్పుడే తీసినట్టున్నారు, ఆ వాసనకు పైన పోయే గాలిపటాలు కూడా కిందికి దిగుతున్నాయి. గుమ్మంలో ఒక పెద్దాయన బాబాను చూసి ఎదురొచ్చాడు.

"సలాం బాబా! రండి రండి, మీ కోసమే చూస్తున్నాం."

"పా," అన్నారు బాబా.

ఖలందర్ కదల్లేదు.

"పెళ్లిరా. నేను చెప్పిన పెళ్లి ఇదే. వాసన రావడంలా?"

"వస్తోంది బాబా."

"మరి?"

"లోపలేముందో ఎవరికి తెలుసు," అన్నాడు ఖలందర్.

"ఏం భాయ్, ఏముంటుంది పెళ్లిలో?" అన్నాడు పెద్దాయన. "పులుందా?"

ఖలందర్ పోయి బయట చెప్పుల పక్కన కూర్చున్నాడు. బాబా ఒక్కరే లోపలికి వెళ్లి భోంచేసి వచ్చారు. వస్తూ ఒక పొట్లం తెచ్చి అతని ఒళ్లో పెట్టారు. ఖలందర్ పొట్లం అంచు కొంచెం విప్పి చూశాడు. మూశాడు. మళ్లీ విప్పి ఇంకోసారి చూశాడు.

బస్సులో బాబా కునుకు తీశారు. ఖలందర్ వెచ్చటి పొట్లం ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చాలా దూరం పోయాక నుదురు చేత్తో కొట్టుకున్నాడు. ముందు సీట్లో కూర్చున్న ఒకామె వెనక్కి తిరిగి, "పన్ను నొప్పా?" అంది. కాదన్నట్టు తల ఊపాడు.

కొండెక్కగానే రేకు ముక్క తీశాడు. పులులు వేసిన చెయ్యి, కన్నుకు రెప్ప కూడా గీసే చెయ్యి, ఈసారి అంచు గీయలేదు, మెరుపు పెట్టలేదు. నల్లరంగుతో ఒక కత్తెర వేశాడు, అంతే. రేకు ఆరాక, మర్నాడు రమ్మని ఓబులేసుకు కబురు పెట్టాడు.

"వస్తా గానీ," అని కబురొచ్చింది, "కొండ కిందే ఉంటా. పిలిస్తేనే పైకి."

మర్నాడు పొద్దున తాడు మీద వరస కుదిరింది. చెంబు, రొట్టె, కత్తెర, దాని తర్వాత ఉయ్యాల. ఖలందర్ పిల్లను పిలవలేదు, వేలు చూపించలేదు. ఒక పక్కగా నిలబడ్డాడు.

నస్రీన్ రోజూ లాగే మొహం పక్కకు పెట్టుకుని వచ్చింది. తాడు దాటింది. నల్లటిదేదో ఓరగా కంట్లో పడినట్టుంది, ఆగింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

అరిచింది. అంతకు ముందు అరుపులన్నీ దాని ముందు గుసగుసలు. వంటింట్లో గిన్నెలు అవంతట అవే బోర్లాపడ్డాయి.

జుబేదా పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "తీసెయ్ భాయ్! నీకు దండం పెడతా, ఆ రేకు తీసెయ్! ఏదో ఇప్పటికి తీసెయ్!"

ఖలందర్ చెయ్యి రేకు దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. తీయాలో ఉంచాలో తేలక గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ బాబా నిలబడి ఉన్నారు.

"ఏడుస్తోంది బాబా."

నస్రీన్ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని అరుస్తోంది. కళ్లు మాత్రం మూసుకోలేదు. కత్తెర మీంచి ఉయ్యాల మీదికి, ఉయ్యాల మీంచి కత్తెర మీదికి పోయి వస్తున్నాయి.

"ఏడవనీ," అన్నారు బాబా. "చూసి ఏడుస్తోందిగా."