కొత్త గలీబు

కుళ్లాయప్పకు మాట మీద మంచి పట్టు ఉండేది. వచ్చిన చిక్కంతా దాంతోనే వచ్చింది.

కొండకింద చిన్న దర్గాలో నబీసాబు తాత దగ్గర అతను శిష్యుడిగా చేరి చాలా ఏళ్లయింది. తాత దూదేకుల మనిషి. వారమంతా దూదేకే విల్లు భుజాన వేసుకొని ఊళ్లు తిరిగి పరుపులూ దిండ్లూ ఏకుతాడు. గురువారం సాయంత్రం దర్గాలో దీపం పెట్టి ఫాతెహా చదువుతాడు. కష్టమని వచ్చినవాళ్ల పక్కన కాసేపు కూచుంటాడు తప్ప పెద్దగా మాట్లాడడు.

ఆ లోటు కుళ్లాయప్ప తీర్చేవాడు. కూతురు అలిగి వెళ్లిపోయిన తండ్రికి ఒక మాట, పంట ఎండిపోయిన రైతుకు ఒక మాట, ఏదీ తడుముకోకుండా చెప్పేవాడు. "తాత చెయ్యి మంచిది, కుళ్లాయప్ప నోరు మంచిది" అని జనం అనుకునేవాళ్లు. ఆ మాట అతని చెవినా పడింది. పడకుండా ఉంటే బాగుండేది.

మాబున్ని అనే పిల్ల కొన్నాళ్లు ప్రతి గురువారం వచ్చేది. పాతికేళ్లు ఉండవు. ఇంట్లో మిషను పెట్టుకొని జాకెట్లు కుడుతుంది. తనకు నిద్ర పట్టడం లేదని, నిద్ర కోసం తాయెత్తు కావాలని అడిగేది. కట్టిన తాయెత్తు కట్టినట్టే ఉంది, నిద్ర మాత్రం రాలేదు. ఒక గురువారం జనం వెళ్లిపోయాక కుళ్లాయప్ప దగ్గర సగం సగం మాటల్లో బయటపడింది. పోయిన ఏడాది, నమ్మిన బంధువే ఒకడు తనను బలాత్కరించాడని. ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదని.

కుళ్లాయప్పకు గుండె కలుక్కుమంది. ఆ నొప్పిలోనే నోరు ముందుకొచ్చింది. తనకు తెలిసినవాటిలోకెల్లా మంచి మాట ఏరి చెప్పాడు. ఆ పిల్ల విన్నది. తల మీద ముసుగు సర్దుకొని లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఒకరోజు తాత విల్లుకు నరం బిగిస్తూ అడిగాడు. "మాబున్ని అగపడదే?"

"బాగైపోయింటాది తాతా. నేను మాట చెప్పినాను కదా. ఇంక తాయెత్తు పనేముంది?"

"ఏం చెప్పినావు?"

"అంటే, ఆ పిల్లకు ఏమైందంటే..."

తాత చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ పిల్ల చెప్పింది నాకొద్దు. అది ఆ పిల్లది. నువ్వు చెప్పింది చెప్పు."

కుళ్లాయప్ప సర్దుకొని కూచున్నాడు. ఇలా అడిగితే చెప్పడం అతనికి ఇష్టమే. "జరిగిందేదో జరిగింది, మరిచిపో తల్లీ అన్నాను. మనసు మీద దేవుని పేరు తెల్లగుడ్డ మాదిరి కప్పుకో, కింద ఏముందో చూడబాకు అన్నాను."

"బాగుంది" అన్నాడు తాత. మెచ్చుకున్నాడనే అనుకున్నాడు కుళ్లాయప్ప.

ఆ సాయంత్రం తాత అతని చాప చుట్టేసి మూలన పెట్టాడు. దాని చోట ఒక పరుపు వేశాడు. పరుపుకు కొత్త గలీబు, మల్లెపువ్వంత తెల్లగా ఉంది. "ఇవాళ దీని మీద పండుకో."

ఇన్నేళ్ల సేవకు ఇప్పటికి మర్యాద దక్కిందని కుళ్లాయప్ప మురిసిపోయాడు. కాళ్లు కడుక్కొని మరీ పడుకున్నాడు.

పొద్దున నడుము రెండు చేతులా పట్టుకొని లేచాడు.

"తాతా, గలీబు కొత్తదే గానీ లోపల అన్నీ గడ్డలే. ఎవరో ఏకమని ఇచ్చిన పాత పరుపు కదా ఇది?"

"మరిచిపో" అన్నాడు తాత.

"నడుము మరిచిపోనిస్తే గదా!"

"గుడ్డ తెల్లగా ఉండాదే?"

"ఉంటే ఏం లాభం? ఉండు, దీని సంగతి నేను చూస్తా." కుళ్లాయప్ప పరుపును ఎండలోకి ఈడ్చి, కట్టె తీసుకొని బాదాడు. దుమ్ము లేచింది. దగ్గొచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే గడ్డలు ఇంకా బిగిసి ఉన్నాయి. మళ్లీ కట్టె ఎత్తాడు.

ఎత్తిన కట్టె ఎత్తినట్టే ఆగిపోయింది. ఆ పిల్ల ముసుగు సర్దుకొని లేచిన తీరు అతనికి కళ్లముందు కనిపించింది. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. కట్టె పక్కన పడేసి మట్టిలోనే చతికిలబడ్డాడు.

తాత వచ్చి పరుపు పక్కన కూచున్నాడు. అంచు వెంబడి వేలితో తడుముతూ పోయి, ఒక చోట ఆగి, అక్కడ కుట్టు విప్పాడు. దూదిని గుప్పెడు గుప్పెడుగా బయటికి తీసి విల్లు కింద పెట్టాడు. నరం టంగుమని మోగింది. రాయిలా ఉన్న గడ్డ మెల్లగా వదులై, పొరలు పొరలుగా విడిపోయి, గాలికి కదిలింది.

కుళ్లాయప్ప చాలాసేపు చూశాడు. "తాతా, నేను చెడగొట్టినాను. నువ్వే ఆ పిల్లతో మాట్లాడు. నీ చేత్తో అయితే బాగవుతాది."

"నా విల్లు దూదికేరా" అన్నాడు తాత.

"మరి ఆ పిల్లకు?"

"నువ్వు చెప్పిన మాటతోనే ఆ దెబ్బ ఏందో నాకు తెలిసింది. మన ఉరుసు తిరనాళ్లలో పెద్దాసుపత్రి వాళ్లు బల్ల వేసుకొని కూచోలేదా? ఇట్లా దెబ్బ తిన్న ఆడపిల్లలకు మా దగ్గర మనిషి ఉంది, పంపించండి అని చెప్పిరి కదా."

కుళ్లాయప్పకు గుర్తుంది. బాగానే గుర్తుంది. బొరుగుల అంగడికి చోటు చాలడం లేదని ఆ బల్లను చెప్పుల రాశి పక్కకు జరిపించింది తనే. ఆ సంగతి తాతకూ గుర్తుంది గానీ, పెద్దవాడు కాబట్టి ఎత్తలేదు. మధ్యాహ్నం తాతే బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్లి, ఏమేమి అడగాలో అడిగి వచ్చాడు.

మర్నాడు తాత విల్లు తీసి కుళ్లాయప్ప భుజాన పెట్టాడు. "పద, ఏకేదానికి పోదాం." జనానికి మంచి మాటలు చెప్పే తను మళ్లీ విల్లు మోయడం అతనికి నచ్చే పని కాదు. ఆ రోజు మాత్రం కిక్కురుమనలేదు.

మాబున్ని ఉండే వీధిలో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఒక ఇంట్లో చెంచా కింద పడితే పక్కింట్లో ఉలిక్కిపడతారు. దర్గా మనుషులు వయసు పిల్ల ఉన్న ఇంటికి పనిగట్టుకొని వెళ్తే, పొద్దుగూకేసరికి కథలు పుట్టుకొస్తాయి. దూదేకేవాళ్లు వెళ్తే ఎవరూ తల కూడా ఎత్తరు.

తాత వాకిట్లో నిలబడి నరం మీటాడు. "పాపా, పరుపు ఏకేది ఉందా?"

మిషను ఆగింది. మాబున్ని బయటికొచ్చింది. కళ్ల కింద నలుపు కమ్మి ఉంది. తాతను చూసి నవ్వబోయి, వెనక కుళ్లాయప్పను చూసి మొహం తిప్పుకుంది. అది అతనికి గుచ్చుకుంది. గుచ్చుకోవలసిందే.

వాళ్ల అమ్మ వేరుశెనక్కాయలు వొలిచే పనికి పోయింది. మాబున్ని పరుపు ఈడ్చుకొచ్చి వాకిట్లో వేసింది. తాత కుట్టు విప్పి పని మొదలుపెట్టాడు. కుళ్లాయప్ప దూది అందిస్తున్నాడు. విల్లు వీధంతా మోగుతోంది.

తాత తలెత్తకుండానే అన్నాడు. "ఇది మోగినంత సేపూ పక్కింటికి మాట పోదు. నువ్వు నాకేమీ చెప్పబళ్లేదు. నిద్ర పడుతుందా?"

మాబున్ని గడప మీద కూచొని తల అడ్డంగా ఊపింది. "ల్యా తాతా."

"పెద్దాసుపత్రి వెనక ఎస్తేరు మేడం అని ఉంది. ఇట్లాంటి బాధ వినేదానికే చదువుకొని వచ్చిన మనిషి. తాయెత్తు నా దగ్గర ఉంది గానీ, ఆ చదువు లేదు."

"ఊళ్లో తెలిస్తే?"

"నువ్వు ఒప్పుకోకుండా ఒక్క మాట బయటికి పోదంట. నిన్న పోయి అడిగొచ్చినాను."

"కేసు పెట్టమంటారేమో."

"పెట్టేదీ మానేదీ నీ ఇష్టమంట. కావాలంటే ఆ దోవ కూడా వాళ్లే చూపిస్తారు. ముందు నువ్వు పండుకోవాల, తినాల."

ఆ పిల్ల గడప మీద గోటితో గీతలు గీసింది. విల్లు మోగుతూనే ఉంది. చివరికి, ఆ మోతలో పక్కనున్నవాళ్లకే వినిపించేంత చిన్నగా అంది. "నేను ఆ ఇంటికి పోకుండా ఉండాల్సింది తాతా. తప్పు నాదేనేమో."

తాత విల్లు ఆపేశాడు.

వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, దర్గాలో కూడా ఎప్పుడూ ఎత్తనంత గట్టిగా గొంతెత్తాడు.

"తప్పు నీది కాదమ్మా!"

పక్కింటావిడ గోడ మీదుగా తల పెట్టింది. "ఏం తప్పు, సాబూ?"

"పరుపు గట్టిపడితే పండుకునే మనిషి తప్పా అంటున్నా" అన్నాడు తాత, అంతే గట్టిగా.

"అయ్యో, ఆ యమ్మి తప్పెట్లయితాది! దూదే మంచిది కాదేమో" అని ఆవిడ తల లోపలికి తీసుకుంది.

మాబున్ని మోకాళ్లలో తల పెట్టుకొని ఏడ్చింది. తాత మళ్లీ విల్లు అందుకున్నాడు. ఆ ఏడుపు అయ్యేదాకా అవసరానికి మించి ఏకాడు. దూది వాకిలంతా పరుచుకుంది.

కుళ్లాయప్ప అప్పుడు నోరు విప్పాడు. జీవితంలో మొదటిసారి మాట కోసం తడుముకున్నాడు. "చెల్లీ, ఆ రోజు నేను చెప్పింది మంచి మాట కాదు."

ఆమె తన కాలి దగ్గర పడిన దూది గుప్పెడు తీసి అతని వైపు జరిపింది.

"ఒక్కదాన్నే పోలేను తాతా" అంది కాసేపటికి.

"మేం బయట కూచుంటాం."

వాళ్లు వెళ్లింది పెద్దాసుపత్రి వెనక పసుపు రంగు వేసిన గదికి. ఎస్తేరు మేడం గుమ్మం దాకా వచ్చింది. కుళ్లాయప్ప చెవులు రిక్కించాడు. ఇంత చదువుకున్న మనిషి, మొదట ఎంత గొప్ప మాట చెబుతుందో వినాలని.

"ఎక్కడ కూచుంటావు మాబున్నీ? కిటికీ దగ్గరా, తలుపు దగ్గరా?" అంది ఆమె. "తలుపు మూయమంటే మూస్తాను. చెప్పాలనిపించినంతే చెప్పు. ఏమీ చెప్పకుండా కూచున్నా ఫర్వాలేదు."

అంతే. కుళ్లాయప్ప మిగతా గొప్ప మాట కోసం కాసుకొని ఉండగానే తలుపు మూసుకుంది.

ఇద్దరూ వేపచెట్టు కింద బెంచీ మీద కూచున్నారు. మాబున్ని బయటికి వచ్చేసరికి కళ్లు ఉబ్బి ఉన్నాయి, నడక మాత్రం తేలిగ్గా ఉంది. కుళ్లాయప్ప "లోపల ఏం..." అని మొదలుపెట్టేలోపు తాత అతని చేతిలో వేడి టీ గ్లాసు పెట్టాడు. నోరు కాలింది. మిగతా ప్రశ్న టీతో పాటు లోపలికే పోయింది.

"మళ్లీ రమ్మన్నారు" అంది మాబున్ని. "వస్తానని చెప్పినాను."

అలా వెళ్తూ వచ్చింది. ఒక వారం పోనని మొండికేసింది. తాత బలవంతం చేయలేదు. తర్వాతి వారం తనే బయల్దేరింది. కొన్ని వారాలకు అమ్మకు చెప్పుకుంది. ఆ రోజు తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారట. ఆ తర్వాత బెంచీ మీద అమ్మ వచ్చి కూచుంది, తాతకూ శిష్యుడికీ ఆ పని తప్పింది. కేసు సంగతి ఎస్తేరు మేడంతో కూచొని ఆలోచించుకుంటోందని వాళ్లమ్మ చెప్పింది. కుళ్లాయప్ప అంతకుమించి అడగలేదు.

చలికాలం దాటిన ఒక గురువారం మాబున్ని దర్గాకు వచ్చింది. తానే కుట్టిన ఆకుపచ్చ చాదరు సమాధి మీద కప్పింది. తాత పాత పరుపుల పని చేసుకునే వరండాలో, ఏకి పెట్టిన దూది మూటకు ఆనుకొని కూచుంది. వాళ్లమ్మ పక్కనే తమలపాకు నములుతోంది.

పొద్దు వాలింది. జనం చేరారు. కుళ్లాయప్ప ఊదు వెలిగించి, నగారా మీద కొట్టడానికి పుల్లలు అందుకున్నాడు. ఆ నగారా మోగితే కొండ అవతలి మేకలు కూడా బెదురుతాయి. ఫాతెహా వేళ ఒక్క నిమిషం దాటనివ్వని మనిషని అతనికి పేరు.

పుల్లలు ఎత్తాడు. వరండా వైపు కళ్లు పోయాయి.

మాబున్ని నిద్రపోతోంది. ముసుగు జారిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది, ఒక చెయ్యి దూదిలో కూరుకుపోయి ఉంది. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ పక్కనుంచి తిరుగుతున్నా కదలడం లేదు. వాళ్లమ్మ నమలడం మానేసి కళ్లు తుడుచుకుంటోంది.

కుళ్లాయప్ప పుల్లలు చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు.

కాసేపు గడిచింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలో ఉన్న పెద్దాయన ఉండబట్టలేక అడిగాడు. "ఏం కుళ్లాయప్పా, వేళ దాటిపోతాంది. నగారా కొట్టవేం?"

కుళ్లాయప్ప పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"ఉండండి. ఒక మొక్కు తీరుతాంది" అన్నాడు, మెల్లగా.

తాత ఆ మాట విన్నాడు. చేతిలోని విల్లును గోడకు ఆనించి, నరం మోగకుండా అరచేత్తో అదిమి పట్టుకొని, తనూ అందరిలో ఒకడిగా కూచున్నాడు.