ఏడు చుక్కల కొలత

“ఇక్కడ ఎవరి చేతినీ ఇంకొకరి చేతితో పోల్చం.”

పీరమ్మ మొదటిసారి వచ్చి చాప పరుచుకున్న రోజున ఉస్తాద్ బుడన్ షా ఆమెకు ఇచ్చిన మాట అది. మూడేళ్ళకు ఆ మాట తప్పింది. తప్పింది ఉస్తాద్ నోటితో కాదు, ఆయన పెద్ద శిష్యుడు ఫక్రుద్దీన్ చేతితో. అదీ న్యాయం పేరు చెప్పి.

తుంగభద్ర ఒడ్డున ఉండేది బుడన్ షా ఖాన్‌ఖా. ఫకీర్లు ఉండే చోటే, కానీ అక్కడ జపమాల కన్నా కలమే ఎక్కువ తిరిగేది. అరబీ అక్షరాలను అందంగా రాయడం నేర్పేవారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఎవరి చాప వాళ్ళు తెచ్చుకునేవారు. రాత కుదిరిందనిపిస్తే ఉస్తాద్ అనుమతి ఇచ్చేవాడు. అది దొరికినవాళ్ళు తమ రాత కింద తమ పేరు పెట్టుకోవచ్చు. మసీదు గోడల మీద రాసే పనో, గ్రంథాలకు నకళ్ళు తీసే పనో వెతుక్కుంటూ వచ్చేది.

మోకాళ్ళ నొప్పులు ముదిరి ఉస్తాద్ మేడ మీది గదికే పరిమితమయ్యాక పరీక్షల పని ఫక్రుద్దీన్ మీద పడింది.

ఫక్రుద్దీన్ బాగా చదివినవాడు. చదివినదంతా నాలుక చివరే ఉండేది. పాత పద్ధతి మీద అతనికి చాలాకాలంగా కోపం. ఉస్తాద్ ఒకరి కాగితాన్ని గడియసేపు చూసేవాడు, ఇంకొకరిది రెప్పపాటు చూసేవాడు. ఒకరికి ఆరు నెలల్లో అనుమతి వచ్చేది, ఇంకొకరికి ఆరేళ్ళకు. “ఆయనకు నచ్చితే చాలు” అని బయట జనం గొణుక్కునేవారు. ఆ గొణుగుడు ఫక్రుద్దీన్‌కు నిద్ర పట్టనిచ్చేది కాదు.

“తరాజుకు చుట్టరికాలు ఉండకూడదు,” అనేవాడు. “కొలతకు మొహమాటం ఉండకూడదు.”

అందుకే ఒక పట్టీ తయారుచేశాడు.

అరబీలో తొలి అక్షరం అలిఫ్. చూడ్డానికి ఒట్టి నిలువు గీత. కానీ అది ఏడు చుక్కల ఎత్తు ఉండాలన్నది అక్కడి లెక్క. ఫక్రుద్దీన్ ఒక తోలు ముక్క మీద తన కలంతో ఏడు చుక్కలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టాడు. కలాలన్నీ ఆ చుక్కకు సరిపడే వెడల్పుతోనే చెక్కుకోవాలన్నాడు. పట్టీని కాగితం మీద ఆనించాలి, చూడాలి. సరిపోతే అనుమతి. సరిపోకపోతే చాప చుట్టుకుని ఇంకొకరికి చోటివ్వాలి.

నిరుడు మొదటిసారి అలా పరీక్ష పెడితే పది రోజుల పని ఒక్క పూటలో తేలిపోయింది. గొణుగుడు ఆగిపోయింది. ఫక్రుద్దీన్‌కు హాయిగా నిద్ర పట్టింది.

ఈ ఏడు రజబ్ నెలలో పట్టీ, తొలిసారి పరీక్షకు కూర్చున్న పీరమ్మ చాప దగ్గరికి వచ్చింది.

పీరమ్మ దూది ఏకే ఇంటి మనిషి. నలభై దాటాయి. ఇరవై ఏళ్ళపాటు దూది నలుసుల్లో కూర్చుని పని చేసింది. కళ్ళు మసకబారాయి. సన్న గీత ఆమెకు కనబడదు. అందుకని చిటికెన వేలంత వెడల్పున్న వెదురు కలంతో రాసేది. ఆ కలానికి తగ్గట్టే ఆమె అక్షరాలు పెద్దవి. ఫక్రుద్దీన్ పట్టీ ఆమె అలిఫ్‌లో సగం దాకానే వచ్చి ఆగిపోయింది.

“ఇది అలిఫ్ కాదక్కా, తాటిచెట్టు,” అన్నాడతను.

చుట్టుపక్కల చాపల మీద నవ్వులు.

“తాటిచెట్టే అనుకో నాయనా. నిటారుగా ఉందా లేదా?”

“ఎత్తు ఎక్కువైంది. నేను చెప్పిన వెడల్పు కలంతో ఎందుకు రాయలేదు?”

“రాసి చూశాను. దాని మొన ఎక్కడుందో నాకు తెలిసి చావలేదు. కాగితం మీద రాస్తున్నాననుకుని చాప మీద రాశాను.”

మళ్ళీ నవ్వులు. ఈసారి పీరమ్మ కూడా నవ్వింది. ఫక్రుద్దీన్ నవ్వలేదు.

“నీ కష్టం నాకు తెలుసు. కానీ జాలి వేరు, న్యాయం వేరు. అందరికీ ఒకటే కొలత. ఒకరికి సడలిస్తే మిగతావాళ్ళందరికీ ద్రోహం చేసినట్టు.”

“ఏ పుస్తకంలోవి ఈ మాటలు?”

“ఏ పుస్తకంలోవైతేనేం? నిజం కదా.”

“ఆ పుస్తకం రాసినాయనకు చూపు బాగానే ఉండుంటుందిలే.”

అతను చాప వైపు చెయ్యి చూపించాడు.

పీరమ్మ వంగి చాప అంచు పట్టుకుంది. చుట్టుకుని ఇంటికి పోతే మళ్ళీ దూది ఏకే విల్లు పట్టుకోవాలి. ఇంకొక్క ఏడాది ఆ నలుసుల్లో కూర్చుంటే మిగిలిన చూపు కూడా ఉండదని వైద్యుడు ఎప్పుడో చెప్పాడు. ఆమె అంచు వదిలేసి చాప మధ్యలో కూర్చుంది.

“పోల్చం అని నాకు మాటిచ్చినాయన పైనున్నాడు. ఆయన దిగి వచ్చి చుట్టుకోమంటే చుట్టుకుంటాను.”

ఫక్రుద్దీన్ విసవిసా మెట్లెక్కాడు. జరిగింది చెప్పాడు. ఉస్తాద్ లేచాడు. శిష్యుడి భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు. ప్రతి మెట్టుకూ కాసేపు ఆగాడు. కింద గదిలో అందరూ లేచి నిలబడ్డారు.

“కూర్చోండి, కూర్చోండి. నాకు కూర్చోవడమే కష్టం, మీకేం?”

ఆయన పీరమ్మ ఎదురుగా చతికిలబడ్డాడు. ఫక్రుద్దీన్ పట్టీ అందించబోయాడు. ఉస్తాద్ దాన్ని తీసుకోలేదు. పీరమ్మ కలం తీసుకుని సిరాలో ముంచి, ఆమె అలిఫ్ పక్కన ఒక చుక్క పెట్టాడు. దాని నెత్తిన ఇంకొకటి. దాని నెత్తిన మరొకటి. ఏడో చుక్క కొన సరిగ్గా అలిఫ్ తల దగ్గర ఆగింది. వెంట్రుక వాసి తేడా లేదు.

ఫక్రుద్దీన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా అతను ఊరుకునే రకం కాదు.

“హజ్రత్, ఎవరి కలం వాళ్ళ కొలతైతే ఇక తప్పేవాళ్ళే ఉండరు. అందరూ గెలుస్తారు. అప్పుడు పరీక్ష ఎందుకు?”

ఉస్తాద్ కాగితం తిప్పాడు. అవతలి వైపు పీరమ్మ రాసిన ‘బే’ ఉంది. పడవలా పడుకుని ఉండే అక్షరం. ఆరు చుక్కల పొడవుండాలి. ఆయన అదే కలంతో దాని కింద చుక్కలు పేర్చాడు. ఐదో చుక్క దగ్గరే పడవ అయిపోయింది.

“తప్పు,” అన్నాడు ఉస్తాద్. “మళ్ళీ రాయి.”

“అది కూడా చూడాలా స్వామీ?” అంది పీరమ్మ నొచ్చుకుంటూ. “అలిఫ్ దగ్గర ఆగిపోతారనుకున్నాను.”

“చూడకపోతే నిన్ను చిన్నచూపు చూసినట్టు. రాయి.”

ఆమె కాగితం మీదికి ముక్కు ఆనేంతగా వంగి రాసింది. ఉస్తాద్ చుక్కలు పెట్టాడు. చాల్లేదు. మళ్ళీ రాసింది. ఈసారి చుక్కన్నర ఎక్కువైంది. పక్క చాపల వాళ్ళు తమ కాగితాలు వదిలేసి చుట్టూ చేరారు. “కుడి నుంచి ఇంకాస్త నింపాదిగా అక్కా,” అని ఎవరో అన్నారు. “నువ్వొచ్చి పట్టుకో అయితే నా చెయ్యి,” అని ఆమె తలెత్తకుండానే కసిరింది.

నాలుగోసారి ఆరో చుక్క దగ్గర పడవ ఒడ్డు చేరింది.

ఉస్తాద్ కలం కడిగి ఆమె చేతికిచ్చాడు.

“కింద పేరు పెట్టు.”

పీరమ్మ వెంటనే పెట్టలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, చూపు కుదిరేదాకా ఆగి, అప్పుడు పెట్టింది. ఆమె పేరు కూడా ఆమె అక్షరాల్లాగే పెద్దది. కాగితం అంచు దాకా వచ్చింది.

అందరూ తమ చాపల మీదికి వెళ్ళిపోయారు. ఫక్రుద్దీన్ మాత్రం పట్టీ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఉస్తాద్ ఇప్పుడు దాన్ని అడిగి తీసుకున్నాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

“చక్కగా చేశావు. ఈ చుక్కలు ఎవరి కలానివి?”

“నా కలానివే, హజ్రత్.”

“అయితే ఈ పరీక్ష ఎవరికి?”

ఉస్తాద్ పట్టీని మడిచి అతని చేతిలోనే పెట్టాడు. లేవడానికి చెయ్యి చాపి, లేవకుండానే అడిగాడు.

“నిరుడు దీనితో ఎన్ని చాపలు చుట్టించావు?”

“మూడు.”

“వాళ్ళ కలాలతో చుక్కలు పెట్టి చూశావా?”

“లేదు.”

“నేనూ మెట్లు దిగలేదు. ఒక్కసారైనా దిగి ఉండాల్సింది.” ఆయన కాసేపు మోకాలు నిమురుకున్నాడు. “వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో, ఏ కలంతో రాసేవారో, చూసి రా. వచ్చి నాకు చెప్పు. నువ్వు చూసి వచ్చి చెప్పకపోతే వాళ్ళకు నేను క్షమాపణ చెప్పుకోలేను.”

“ఎప్పటిలోగా హజ్రత్?”

“వచ్చే నెల, షాబాన్ పదో తారీఖు. సాయంత్రం అసర్ నమాజు లోపల.”