చివరి మడిలో పోలినాయుడు

అనగా అనగా, రాజుల కిరీటాలు పెట్టెల్లోకి పోయి ఓట్ల పెట్టెలు బయటికొచ్చిన కొత్తలో, కొసపాడు అనే ఊళ్ళో పోలినాయుడనే రైతు ఉండేవాడు. అతనికి నాలుగెకరాల పొలం, ఒక జత ఎద్దులు. వాటిలో బొల్లెద్దుకు మాటలొచ్చు. అయితే అవసరమైతే తప్ప నోరు విప్పేది కాదు. ఆ విషయంలో ఊళ్ళోవాళ్ళకంటే అదే నయం.

ఏటి కాలువకు కొసపాడే ఆఖరు. అక్కడొక కట్టుబాటు ఉంది. నీళ్ళొదిలిన రోజున ఊరు నమ్మిన మనిషి వట్టికాళ్ళతో చివరి మడిలో నిలబడాలి. కాలివేళ్ళ సందుల్లోంచి బురద పైకి రావాలి. అప్పుడే అతను "వచ్చాయర్రో!" అని కేక వెయ్యాలి. ఆ కేక వినపడేదాకా ఏ ఇంట్లోనూ పాయసం పొయ్యెక్కదు.

పన్నెండేళ్ళు ఆ కేక పోలినాయుడిదే. ఒక్కసారీ అబద్ధం కాలేదు.

తరువాత కాలువ పూడిపోయింది. మూడేళ్ళు పాయసం లేదు. "మన కేక రాజధానికి వినపడాల్రా!" అని చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి పోలినాయుణ్ణి ఎన్నికల్లో నిలబెట్టాయి.

చివరి మడి తౌడమ్మ అనే ముసలామెది. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని అడిగింది. "ఏటి నాయుడుబాబూ, గెలిచేక నా మడి గుర్తుంటాదా?"

"అత్తా, నీ మడి తడపకపోతే మళ్ళీ వచ్చి నాగలి పట్టుకుంటాను!"

"నాగలి పట్టడం శిక్షేటి? అయితే నానేం తప్పు చేసేనని ఇన్నేళ్ళూ పట్టేను?"

అందరూ పడీపడీ నవ్వారు. పోలినాయుడు గెలిచాడు. మెత్తని కుర్చీ వచ్చింది, కిర్రుకిర్రుమనే తోలుచెప్పులు వచ్చాయి. అయినా మాట మరవలేదు. సభలో లేచి, కాలువ తవ్వించమని అడిగిందే అడిగాడు. చివరికి మంత్రిగారు విసుగెత్తి సరే అన్నారు. తవ్వకం మొదలైంది.

కొన్నాళ్ళకు ఇంజనీరు ఒక పటం తెచ్చి పరిచాడు. "చూడండి సార్, ఈ నీలం గీత సరిగ్గా మీ ఊరి చివరిదాకా వెళ్ళింది!" పోలినాయుడు గీత వెంట వేలు నడిపి మురిసిపోయాడు.

మరికొన్నాళ్ళకు మంత్రిగారు అతన్ని ఏటి గేట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. నీళ్ళు హోరుమంటున్నాయి. "ఇంకా ముందుకు వెళ్ళి చూద్దామండీ" అన్నాడు పోలినాయుడు. "కోడికూర చల్లారిపోతుందయ్యా" అన్నారు మంత్రిగారు. కూర నిజంగానే బాగుంది. నీళ్ళొస్తున్నాయని పోలినాయుడు ఊరికి కబురంపాడు, ఆ మాట మీద తౌడమ్మ నారు పోసుకుంది.

మూడోసారి కాంట్రాక్టరు పరుగున వచ్చాడు. "మీ ఊరి పొలిమేరలో శిలాఫలకం నిలబెట్టాం సార్. మంత్రిగారి పేరు పైన, తమ పేరు కింద. బంగారు అక్షరాలు!" ఆ మాట పోలినాయుడు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ప్రారంభం రోజున ఆ ఫలకం దగ్గర పండగలా జనం చేరారు, మంత్రిగారూ వచ్చారు. ఇళ్ళల్లో బెల్లం తరిగి పెట్టుకున్నారు. పోలినాయుడు ఫలకం మీది తెర లాగి, కేక వెయ్యడానికి నోరు తెరిచాడు.

"నాయుడూ," అంది పక్కనే కట్టేసి ఉన్న బొల్లెద్దు, "చెప్పులు విప్పావా?"

పోలినాయుడు కేక మాని, చెప్పులు అక్కడే వదిలేసి, గట్ల వెంట చివరి మడికి పరుగెత్తాడు. మట్టిగడ్డలు అరికాళ్ళలో గుచ్చుకున్నాయి. నారు పచ్చదనం పోయి కొసలు ముడుచుకుంది. తౌడమ్మ కడవతో నీళ్ళు మోసుకొచ్చి చల్లుతోంది.

"అత్తా, కబురైనా చెయ్యలేదేం?"

"నువ్వు అక్కడ కేకేస్తే ఇక్కడ తడుస్తాదేమోనని చూస్తన్నాను బాబూ."

పోలినాయుడికి తల కొట్టేసినట్టయింది. ఎండిన కాలువలోకి దిగి, కొసనుంచి పైకి నడవసాగాడు. నడిచి నడిచి ఎక్కడికొచ్చాడంటే, తన శిలాఫలకం దగ్గరికే! దాని దిమ్మకు అవతల నీళ్ళు నిండుగా నిలబడి ఉన్నాయి. ఇవతల చుక్క లేదు.

"ఇదేమిటయ్యా?" అన్నాడు.

కాంట్రాక్టరు చేతులు నలిపాడు. "తమ కారు నిలవాలి, తమ పేరు నిలవాలి కదా సార్! అందుకే ఇక్కడ కాలువలో మట్టి పోసి చదును చేయించాం."

పోలినాయుడు గునపం అందుకున్నాడు.

మంత్రిగారు ఎర్రబడ్డారు. "ఆగవయ్యా! ఆ రాయి మీద నా పేరుంది. పడగొట్టావంటే పై ఎన్నికల్లో నీకు టిక్కెట్టు లేనట్టే!"

"నారు ఎల్లుండిదాకా బతకదండీ. ఎన్నికలు ఇంకా నాలుగేళ్ళున్నాయి," అని గునపంతో ఒక్క పోటు పొడిచాడు.

రాయి మూడు ముక్కలైంది, దాని కింది మట్టి తెగింది. నీళ్ళు బుసకొట్టి దూకాయి. పోలినాయుడు పంచె ఎగ్గట్టి నీళ్ళతో పందెం వేసి పరుగెత్తి, చివరి మడిలో నిలబడ్డాడు. ఊరంతా గట్టు మీద చేరింది. ముందు చల్లగా తగిలింది. తరువాత మెత్తబడింది. మెల్లగా వేళ్ళ సందుల్లోంచి బురద పైకి వచ్చింది.

"వచ్చాయర్రో!"

ఆ రోజు పాయసం బొల్లెద్దుకు కూడా పెట్టారు.

మంత్రిగారు అన్నంత పనీ చేశారు, టిక్కెట్టివ్వలేదు. పోలినాయుడు సొంతంగా నిలబడి మూడుసార్లు గెలిచాడు. సభలో ఎవరు లేచి పని పూర్తయిందన్నా, అతనొక్కటే అడిగేవాడు. "చివర ఉన్నవాళ్ళని అడిగారా?"

ఇక అతని పేరున్న రాతిముక్కను తౌడమ్మ తన మడిగట్టున వేసుకుంది, కాళ్ళు కడుక్కోవడానికి.

"ఏం అత్తా, నా పేరు మీదేనా?"

"బురద కడుక్కోడానికి ఇంతకంటే మంచి పేరు ఎక్కడ దొరుకుద్ది బాబూ?"

కాబట్టి పిల్లలూ, పదిమందికి పని చేసిపెట్టేవాడు ఆ పనిని కాగితం మీద కాదు, కట్టకడపటివాడి దగ్గర నిలబడి చూసుకోవాలి.