పైడమ్మ అడ్డపొగ

కొండ కింద జీడిమామిడి తోటలో పైడమ్మ అనే కోతి కాపురం. పొట్టకి అతుక్కుని పసిపిల్ల, నోట్లో చుట్ట. ఆ వైపు ఆడవాళ్ళ అలవాటు ప్రకారం నిప్పున్న కొసని నోటి లోపలే పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. పొద్దంతా కొమ్మకొమ్మా తిరిగే ఒంటరి తల్లి. చుట్ట తాగితే ఆకలి కాస్త సద్దుమణిగేది. ఆ చుట్టలు తెచ్చిచ్చి, బదులుగా జీడిపండ్లు పట్టుకుపోయేవాడు నక్క సూరప్ప.

ఆ ఏడు పిల్లకి దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా పట్టు సడలేది. కోతిపిల్లకి పట్టే ప్రాణం కదా! ఒకనాడు పైడమ్మ కొమ్మ మీంచి కొమ్మకి దూకుతుంటే పిల్ల జారిపోయి, కింద మేస్తున్న ముసలి గేదె నల్లమ్మ వీపు మీద పడింది.

"దేవుడు నన్నిక్కడ నిలబెట్టాడు గనక సరిపోయింది," అంది నల్లమ్మ. "పైడీ, ఆ పొగ మానవే."

"నిప్పు నా నోట్లోనే ఉంది కదత్తా. పిల్లకెలా తగుల్తుంది?"

"అదీ మాట!" అన్నాడు అక్కడే ఉన్న సూరప్ప. "అది చలిగాలి దగ్గు పెద్దమ్మా. పొగ పిల్లలకి వెచ్చదనం."

నల్లమ్మ నెమరు వేస్తూ అతన్నే చూసింది.

మర్నాడు జోరున వాన. అందరూ రాతి చరియ కిందికి చేరారు. పైడమ్మ ఓ మూల చుట్ట పీలుస్తోంది. సూరప్ప మాత్రం ఇద్దరు పిల్లలతో వానలోనే నిలబడ్డాడు.

"అదేం సూరప్పా, పిల్లలు తడుస్తున్నారు. పైడి పక్కన కూర్చోబెట్టు, వెచ్చగా ఉంటుంది," అంది నల్లమ్మ.

"పరవాలేదులే పెద్దమ్మా, వాన మంచిదే."

"నువ్వుండు. రండర్రా, నా తల్లులు కదూ!"

నక్కపిల్లలు వెనక్కి జరిగాయి. "అమ్మో, అక్కడ పొగ! పొగ దగ్గరికెళ్తే మా నాన్న తంతాడు."

"దగ్గొస్తుందంట," అంది రెండోది. "మా గుహలో ఒక్క చుట్ట కూడా ఉంచడు."

పైడమ్మ సూరప్ప వంక చూసింది. ఒళ్ళో దగ్గుతున్న పిల్లని చూసింది. చుట్ట తీసి, జారుతున్న నీళ్ళ కింద పెట్టింది.

మానడం ఒక్కరోజులో అయ్యే పనా? మూడోనాడు పైడమ్మ నల్లమ్మ మీద విరుచుకుపడింది.

"అంతా నీవల్లే, ముసలిదానా!"

"తిట్టుకో తల్లీ. తిట్టినంతసేపూ నోరు ఖాళీగా ఉండదు. చేతులు ఊరుకోకపోతే నా వీపు మీద నెత్తురు తాగే గోమార్లున్నాయి, ఆ పురుగులు ఏరు."

అయిదోనాడు చాటుగా ఒక దమ్ము లాగి, ఏడుస్తూ వచ్చింది.

"పోనీలే. నాలుగు రోజులు ఉండగలిగావు కదా, మళ్ళీ ఉండగలవు," అంది నల్లమ్మ.

నెల తిరిగేసరికి పిల్ల దగ్గు తగ్గింది. తల్లి ఎంత దూరం దూకినా బల్లిలా అతుక్కుని ఉండేది. అది చూసి తోటలోని మిగతా తల్లికోతులూ ఒక్కొక్కరే చుట్ట పారేసి నల్లమ్మ చుట్టూ చేరారు. పాపం, గోమార్లు చాలక వంతులు పెట్టుకోవలసి వచ్చింది.

సూరప్ప చుట్టల కట్టతో వచ్చాడు. "కొత్త సరుకు వదినా!"

"అయ్యో మరిదీ, దూరంగా పట్టుకుపో. పిల్లలున్న చోటు," అంది పైడమ్మ.

పండు కావాలంటే చెట్టెక్కాలి. సూరప్పకి అది రాదు. రాలి పురుగుపట్టినవి ఏరుకుంటూ, ముక్కు చీదుకుంటూ పోయాడు.

తన పిల్లల్ని నిలబెట్టని పొగలో మన పిల్లల్ని ఉంచమనేవాడి మాట వినకూడదు.