ఓబులేశు ఇచ్చిన శృతి

దస్తగిరికి ఓబులేశు మీద అనుమానం పట్టుకుంది. మామూలుగా కాదు, అన్నం కూడా సహించడం లేదు.

సీమలో తత్వాలు పాడే దస్తగిరంటే తెలియని ఊరు లేదు. క్యాసెట్ల కాలంనుంచి ఫోన్ల కాలందాకా, ముప్పై ఏళ్లుగా ఆయన పాటకు జనం విరగబడుతూనే ఉన్నారు. ఆ ముప్పై ఏళ్లూ పక్కన కూర్చుని హార్మోనియం వాయించినవాడు ఓబులేశు. దస్తగిరికి ఆ పెట్టె వాయించడం రాదు. ఓబులేశు ఏ శృతి ఇస్తే అందులో కళ్లు మూసుకుని పాడేయడమే.

మొన్న ఆదోనిలో కచేరీ అయ్యాక ఎవడో వచ్చి, "అన్నా, మీది ఐదు శృతి గదా, పెట్టె ఒక మెట్టు కింద, నాలుగులో పలికిందేమి?" అన్నాడు. ఇంకేముంది! అప్పట్నుంచి అన్నీ తేడాగానే కనిపించాయి. ఓబులేశు మీటల మీద కండువా కప్పి వాయిస్తాడు. ఎందుకట? శృతి ఎంతని అడిగితే నేలచూపులు చూస్తాడు. కొత్తగా పేరొస్తున్న కుర్ర గాయకుడితో టీ కూడా తాగాడు. నన్ను కిందికి లాగి వాణ్ణి పైకి లేపాలని చూస్తున్నాడన్నమాట, దొంగ!

తిన్నగా గురువు కాశమ్మవ్వ దగ్గరికి పోయాడు.

"వాణ్ణి ఈరోజే తీసేస్తా, అవ్వా. పక్కనే ఉండి నా గొంతు కోస్తున్నాడు."

అవ్వకు ఎనభై దాటాయి. మూలనున్న తన పాత పెట్టెను దగ్గరికి లాక్కుని ఐదు శృతి పట్టింది.

"నీ శృతే. పాడు."

పల్లవి బాగానే సాగింది. చరణంలో పైకి పోయేసరికి గొంతు చీలిపోయింది. నీళ్లు తాగి మళ్లీ పాడాడు. మళ్లీ అక్కడే చీలింది.

"పొద్దున్నుంచి గొంతు బాగాలేదవ్వా" అన్నాడు.

అవ్వ నాలుగుకు దిగింది. ఈసారి గొంతు హాయిగా పైకి పోయి నిలబడింది. దస్తగిరి పాట మధ్యలోనే ఆపేశాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడేండ్లు. మొదట అర శృతి దింపినాడు, నాలుగేండ్లకు ఇంకో అర. అన్న గొంతు పోతాందవ్వా అని ఈడ్నే కూచుని ఏడ్చినాడు."

దస్తగిరికి కళ్లు నిండాయి. అయినా రోషం చావలేదు.

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చు గదా!"

అవ్వ పెట్టె మూసింది.

"చెప్పుంటే వాణ్ణి ఏడేండ్ల కిందటే తీసేసుందువు గదరా."